ఉగాది తట్టలో ఫ్లారెన్స్ మట్టి

తోటల్లో కండక్టర్లుగా చేరబోయే పిల్లలకి ముందే ఒక సంగతి చెప్పేస్తాను. మీకు టికెట్ల సంచీ ఇవ్వరు, ఈల ఇవ్వరు. మలేషియా తోటలో కండక్టరంటే పైనున్న దొర తిట్లని కిందికీ, కిందున్న జనం తిట్లని పైకీ ఒక్క చుక్క ఒలక్కుండా మోసేవాడు. ఆ మోతలో నేను కుంచించుకుపోయాను. చేరినప్పుడు కొబ్బరిచెట్టంత ఉండేవాణ్ణి. ఇప్పుడు మా ఆవిడ బెల్లం డబ్బా రెండో అరలో పెడితే చాలు, చెయ్యి అందదు, నాకు చక్కెర వ్యాధి భయం లేదు.

ప్రమోషన్లు ఎలా వస్తాయో రాయను. వచ్చినవాడు రాస్తే గొప్పగా ఉంటుంది, రానివాడు రాస్తే ఏడుపుగా ఉంటుంది. నేను రాసేది ఒక కట్ట గురించి, ముగ్గురు దొరల గురించి, ఆ ముగ్గురినీ పుట్టకముందే చూసేసిన ఒక ఇటలీ గుమాస్తా గురించి.

కట్టకి ఇటూ అటూ

మా తోట కౌలా సెలంగోర్ దగ్గర సముద్రం ఒడ్డున ఉంది. ఒడ్డున అనడం మర్యాద కోసం. పోటు వేళ సముద్రం మా నెత్తిమీద ఉంటుంది. నడుమ ఉన్నది ఒక్క మట్టికట్ట. దానికి అటు మడచెట్లు, బురద, ఆపైన సుమత్రా దాకా నీళ్లు. ఇటు పామాయిల్ చెట్లు, వాటి వెనక లైన్లు, అంటే కూలి కుటుంబాలు ఉండే వరస ఇళ్లు, వాటి చివర మా రామాలయం. మా ముత్తాతలు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు ఇక్కడ మెరకగా ఉన్నది ఒకటే చోటు. దాని మీద దొరలు బంగళా కట్టుకున్నారు. లైన్లు కట్టింది మాత్రం పీతలు కూడా ముహూర్తం చూసుకుని కాపురం పెట్టే పల్లంలో.

నా మొదటి దొర పేరు టాన్. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. పొద్దున్నే పేర్లు పిలిచే వేళ ఆయన దగ్గితే చెట్ల మీది గెలలు వాటంతట అవే రాలేవి. ఆయన రిటైరై ఇపో అనే ఊరికి వెళ్లిపోతూ నాకొక చిన్న పుస్తకం ఇచ్చాడు. "కండక్టర్, ఇది చదువు. ఇందులో ఉన్నది మన తోటే" అన్నాడు. అట్ట మీద ఎర్ర అంగీ వేసుకున్న సన్నటి మనిషి, ఇప్పుడే ఎవరి గుట్టో కనిపెట్టినట్టు పెదవి బిగించి ఉన్నాడు. ఇంగ్లీషు పుస్తకం. నా ఇంగ్లీషుకి ఒక్కో పేజీ ఒక్కో వానాకాలం తినేసింది.

గుమాస్తా గారి బతుకు

ఆయన పేరు నాకు నోరు తిరగదు, రాస్తే మీకు కళ్లు తిరుగుతాయి. గుమాస్తా గారు అంటాను. అయిదు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఫ్లారెన్స్ అనే పట్టణానికి ఆయన కార్యదర్శి. పద్నాలుగేళ్లు గుర్రం మీద తిరిగాడు. రాజుల దగ్గరికి, సేనాపతుల దగ్గరికి, పోపు దగ్గరికి రాయబారం వెళ్లి, ఎవడు ఎందుకు గెలిచాడో, ఎవడు ఎందుకు బోర్లా పడ్డాడో కళ్లారా చూశాడు. డబ్బుకొచ్చే కిరాయి సైన్యాన్ని నమ్మొద్దు, మన ఊరిని మన ఊరివాళ్లే కాచుకోవాలి అని రైతులని పోగుచేసి దళం కట్టాడు. తీరా నిజమైన యుద్ధం వచ్చిన రోజున ఆ దళం పారిపోయింది. పాత ప్రభువుల కుటుంబం తిరిగొచ్చి ఆయన ఉద్యోగం పీకేసింది. కుట్ర చేశాడని అనుమానించి, చేతులు వెనక్కి విరిచి తాడుతో పైకి లాగి కిందికి వదిలారు. ఒకసారి కాదు. అంతా అయ్యాక ఊరి బయట పొలానికి పంపేశారు.

ఇక్కడి నుంచి నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. పగలంతా ఆయన కట్టెలు కొట్టేవాళ్లతో తగువులాడేవాడు, పూటకూళ్లింట్లో పేకాడేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, బురద బట్టలు గుమ్మంలో విడిచి, రాజసభకి వెళ్లే దుస్తులు తొడుక్కుని, పుస్తకాల గదిలోకి వెళ్లి ఎప్పుడో చచ్చిపోయిన మహానుభావులతో మాట్లాడేవాడు. మీరు ఆ పని ఎందుకు చేశారండీ అని ఈయన అడిగితే వాళ్లు మర్యాదగా జవాబిచ్చేవారట. ఆ సాయంత్రాల్లోనే ఈ చిన్న పుస్తకం రాశాడు. ఉద్యోగం పీకేసిన వాళ్లకే దాన్ని అంకితం ఇచ్చాడు. వాళ్లు విప్పి చూశారో లేదో ఎవరికీ తెలియదు.

నేనూ ఒకరోజు ప్రయత్నించాను. కట్ట మీది నుంచి బురదలో వచ్చి, స్నానం చేసి, పెళ్లినాటి పట్టుపంచె కట్టి, కండువా వేసుకుని, పుస్తకం పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. మా ఆవిడ మంగ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏటయ్యా, మల్లీ పెల్లా? పిల్ల ఏ తోట?"

"చచ్చిపోయిన పెద్దలతో మాట్లాడుతున్నానే."

"మీ నాన్నతోనా? అలాగైతే నా బంగారు అరవంకీ ఎక్కడ పెట్టినాడో అడుగు."

ఆమెకి నవ్వులాట. నాకు మాత్రం ఆ సాయంత్రం నుంచి ఇంట్లో పంచె కట్టకుండా ఆ పుస్తకం ముట్టుకోబుద్ధి కాలేదు. కట్ట మీద ఉన్నప్పుడు మాత్రం మనసాగక సంచీలోంచి తీసి బురద చేతుల్తోనే తిప్పేవాణ్ణి. అంత దెబ్బ తిన్న మనిషి ఒక్క పేజీలోనైనా ఏడవలేదు. లోకం ఎలా ఉండాలో చెప్పలేదు, ఎలా ఉందో చెప్పాడు. అలా చెప్పినందుకే లోకం ఆయన్ని నేటికీ జిత్తులమారి అని తిడుతోంది.

ప్రేమ దొర

ప్రేమించేలా ఉండాలా, భయపడేలా ఉండాలా అని గుమాస్తా గారు అడిగి, రెండూ కుదరకపోతే భయమే నయం, కానీ అసహ్యం మాత్రం తెచ్చుకోకు అన్నాడు. నేను మొదటి సగమే చదివి మర్నాటి నుంచి నవ్వడం మానేశాను. వారం తిరక్కుండా లైన్లలో సగం మంది లవంగాలు తెచ్చిచ్చారు.

"పన్ను నొప్పా కండక్టరూ? దవడ కింద పెట్టుకోండి, తగ్గిపోద్ది లా."

మాట చివరి ఆ 'లా' మలేషియా మాకు తగిలించిన తోక. భయం అందరికీ అతకదని తెలిసింది. మనిషి ఎలాంటివాడో జనానికి ముందే తెలిసిపోయాక వేషం మార్చకండి.

టాన్ తరవాత సెల్వం దొర వచ్చాడు. బంగారం లాంటి మనిషి. ఎవరు ఏది అడిగినా సరేననేవాడు. వడ్రంగి సెలవడిగాడు, ఇచ్చాడు. తూము కాపలావాడు అడిగాడు, ఇచ్చాడు. తూము అంటే కట్టకి ఉన్న ముక్కు. పాటు వేళ తెరిస్తే తోటలో నీరు బయటికి పోతుంది, పోటు వేళ మూస్తే సముద్రం లోపలికి రాదు. ఆ తలుపు పలకలు పుచ్చుతుంటే ఎవరినీ కసరడం ఇష్టం లేక సెల్వం దొర పలకలని కూడా సెలవు మీద పంపేశాడు. ఒకనాడు పెద్ద పోటుకి తలుపు ఊడింది. ఉప్పునీళ్లు పల్లపు చెట్లని చంపేసి, లైన్లలో మంచాల కింద చేపలు వదిలి వెళ్లాయి. దొరకి బదిలీ అయిన రోజు జనం మోకాలి లోతు నీళ్లలో నిలబడి, అయ్యో మంచి దొర అని ఏడ్చారు. ఉప్పునీళ్లలో ఉప్పునీళ్లు.

నా తీర్పు ఇది. మంచి పేరు సెల్వం దొరది, దాని ఖర్చు కట్టింది మాత్రం లైన్లు. ఎందుకంటే ఆ తరవాత కంపెనీ నుంచి మాట వచ్చింది: ఇంకొక్కసారి సముద్రం లోపలికొస్తే పల్లపు తోట వదిలేస్తాం, లైన్లు మూసి కుటుంబాలని ఊళ్లో అపార్ట్‌మెంట్లకి పంపేస్తాం. అంటే ఇక గుడి ఉండదు, ఒకే వరసలో ఉగాది ఉండదు, ఒకరి గోడలోంచి ఒకరికి వినపడే మా తెలుగు కూడా ఉండదు. మా పిల్లలకి తెలుగు ఆ గోడల్లోంచే వచ్చింది.

తట్ట ఆపిన దొర

మూడో దొర రవి. కౌలాలంపూర్లో పెరిగిన తెలుగువాడు. తాత ఏదో తోటలో పెద్ద గుమాస్తా. తెలుగు అర్థమయ్యేది, మాట్లాడితే సగంలో ఆగిపోయేది. పనిమంతుడు. రాగానే తూముకి ఇనుప తలుపు పెట్టించాడు, కాంట్రాక్టర్ని పిలిపించి ఎక్స్‌కవేటర్‌తో కట్టని రెండడుగులు లేపించాడు. నాకు ఆయనంటే గౌరవం. ఆయనకి తన బంగళా ముందున్న పచ్చిక అంటే ప్రాణం. దాన్ని కత్తెరతో కత్తిరించేవాడు. కప్పలు కూడా దాని మీదికి అనుమతి తీసుకుని గెంతేవి.

ఆయన చేసిన తప్పు ఒకటే, ఉగాది తట్ట ఆపాడు.

మీలో తెలియని వాళ్లకి చెప్తాను. ఉగాది అమావాస్య మర్నాడు. ఏడాది మొత్తంలో సముద్రం బాగా పొంగే రోజుల్లో అదొకటి. మా ముత్తాతలు ఆ సంగతి కాళ్లు తడిసి తెలుసుకున్నారు. అప్పటి నుంచి మా తోటలో ఉగాది పొద్దున తలంటుకున్నాక, పచ్చడి నోట్లో పెట్టకముందే, ప్రతి ఇంటివాళ్లూ సొంత వాకిట్లో మట్టి ఒక తట్ట తవ్వి, నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లి కట్ట మీద వేస్తారు. పక్కింటి మట్టి పనికిరాదు, కొన్న మట్టి పనికిరాదు. నా వాకిలి కొంచెం నీకిచ్చాను, మిగతాది నాకొదిలెయ్ అని సముద్రంతో ఒప్పందం అన్నమాట.

ఆ ఏడు ఉగాది పొద్దునే రవి దొర తట్టలు వద్దన్నాడు, ఆడవాళ్లూ పిల్లలూ కట్ట ఎక్కకూడదన్నాడు. జారిపడితే బాధ్యత ఎవరిదన్నాడు. నేను మాట్లాడాను.

"సార్, తట్ట ఆపకండి."

"వై కండక్టర్? ఎక్స్‌కవేటర్ ఒక పూటలో సేసేది, ఈల్లందరూ... ఏడాదంతా మోసినా కాదు లా."

"మట్టి కోసం కాదు సార్. కొత్తగా వచ్చిన రాజు జనం చేతుల్లో ఆయుధం తీసేస్తే, నిన్ను నమ్మను అని చాటింపు వేసినట్టే. ఆయుధం ఇస్తే వాళ్లే ఆయన సైన్యం. ఒక ఇటలీ ఆయన రాశాడు."

నేను పేరు చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. ఆయనకి అర్థమైంది. "ఆయనా? ఆయన కన్నింగ్ ఫెలో కదా?"

"చదవనివాళ్లు అలాగే అంటారు సార్."

దొర ముఖం ఎర్రబడింది. సలహా అడిగినప్పుడే చెప్పాలి, అడిగించుకుని చెప్పాలి అని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. నేను ఆ పేజీ ఇంకో వానాకాలానికి ఉంచుకున్నాను. మీరు ముందే చదవండి.

లైన్లలో ఈ కబురు చెప్పవలసింది గవరమ్మ పెద్దమ్మకి. ఆవిడ ఒకప్పుడు కట్ట పనివాళ్లకి పెద్ద, ఇప్పుడు గుడికీ లైన్లకీ పెద్ద. ఆవిడ కేకేస్తే సుమత్రాలో కోళ్లు లేస్తాయి. ఆ రోజు కేకెయ్యలేదు. అందుకే భయమేసింది.

"మా మట్టి ఒద్దన్నాడా? సెరి లా. మాం ఇల్లలోనే ఉంతాం. ఎల్లి సెప్పు."

ఆ సాయంత్రం

ఆ ఏడు ఉగాదీ, హరిరాయా అంటే ఇక్కడి రంజాన్ పండగా చేతులు పట్టుకుని వచ్చాయి. రెండింటికీ చంద్రుడొక్కడే కదా. కాంట్రాక్టరు మనుషులు పండక్కి ఇళ్లకి వెళ్లిపోయారు. వాళ్ల పండగ వాళ్లది, తప్పు లేదు. ఎక్స్‌కవేటర్ తాళం కూడా డ్రైవరు జేబులో పండక్కి వెళ్లింది. మధ్యాహ్నం పడమటి గాలి మొదలైంది. పొద్దు వాలేసరికి పోటు. నేనూ దొరా కట్ట ఎక్కి చూశాం. ఎక్స్‌కవేటర్ పోసిన కొత్త మట్టి ఇంకా గట్టిపడలేదు. తూము పక్కన ఒకచోట పెరుగన్నంలా జారిపోతోంది. పొంగొచ్చిన సముద్రం మడచెట్ల నడుమ నిలబడి మమ్మల్ని చూస్తోంది. నేను పెంచి చెప్పడం లేదు. ఈ ఒక్క చోట నాకు పెంచే ధైర్యం లేదు.

"మనుషులు కావాలి," అన్నాడు దొర. "ఎల్లి పిలు. డబుల్ కూలి ఇస్తానని సెప్పు."

"మీరూ రండి సార్," అన్నాను. ఈసారి సాయం అడిగాడు కాబట్టి చెప్పాను.

రామాలయం మెట్ల మీద గవరమ్మ పెద్దమ్మ కూర్చుని ఉంది. వెనక లైన్లన్నీ గుమ్మాల్లో నిలబడి ఉన్నాయి. ఉగాది కొత్త బట్టలు, ఎవరి ముఖంలోనూ పండగ లేదు. దొర కూలి మాట ఎత్తాడు.

"కూలికి ఉగాది తట్ట మొయ్యం బాబూ," అంది ఆవిడ. "అలాగ మోత్తే అది ఉగాది తట్ట కాదు."

"కట్ట తెగితే... ఇల్లులు పోతాయి పెద్దమ్మా. మీవే."

"మాయే. మాకు తెల్దేటి? పొద్దున మా మట్టి మాం తెత్తామంటే ఒద్దన్నావు. ఇపుడు తెమ్మంటన్నావు. తెత్తాం. మా వాకిట్లో మట్టి ఉంది. మరి నీ మట్టేదీ?"

దొరకి అర్థం కాలేదు. నాకూ ఒక క్షణం కాలేదు.

"బంగలా కూడా తోటలోదే గదా," అంది ఆవిడ, చాలా నెమ్మదిగా. "మా తాతల కాడ్నించి ఆ మెరక మీంచి ఒక్క తట్ట దిగినేదు. అడగడానికి మాకు నోరు నేదు. ఇపుడొచ్చినాది. అడుగుతన్నాను."

టాన్ దొర అయితే దగ్గి ఉండేవాడు. సెల్వం దొర అయితే, సరే రేపు పంపిస్తానని అనేవాడు. రవి దొర గోడకి ఆనించి ఉన్న పారా, తట్టా తీసుకున్నాడు. మెరక ఎక్కాడు. మేమంతా వెనకే వెళ్లాం.

ఆ పచ్చిక మధ్యలో నిలబడి, బూట్లు విప్పి, పార ఎత్తాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తరవాత వేశాడు. కత్తెరతో కత్తిరించిన ఆ పచ్చిక పటుక్కుమని తెగింది. తట్ట నిండింది. నెత్తిన పెట్టుకోవడం ఆయనకి రాదు. ముక్కు మీదికి మట్టి జారింది. గవరమ్మ పెద్దమ్మ తన భుజం మీది తువ్వాలు చుట్ట చుట్టి ఆయన నెత్తిన పెట్టి, తట్ట సర్దింది.

"ఒంగకు లా. తిన్నగా నడు. కాల్లు సూడకు, కట్టని సూడు."

ఇక జనం. ఎక్కడి నుంచి వచ్చారో! ముసలివాళ్లు, తమిళ పక్కింటివాళ్లు, ఊళ్లో ఫ్యాక్టరీలకి వెళ్లే కుర్రాళ్లు, తెలుగు అర్థమయినా మాట్లాడని పిల్లలు, కొత్త పట్టుచీరల్లో ఆడవాళ్లు. సగం మంది వాకిళ్లలో తవ్వారు, సగం మంది దొర పచ్చికలో. మెరక నుంచి కట్ట దాకా ఒకే మనుషుల తాడు. మట్టి పడుతోంది, కాళ్లు తొక్కుతున్నాయి, ఇంకో తట్ట పడుతోంది. నీరు అంచు దాకా వచ్చింది. పైకి ఒక నాలుక చాపి మంగ పాదాలు నాకింది. ఆమె వెనక్కి తగ్గలేదు, తట్ట దాని మీదే బోర్లించింది.

అప్పుడు సముద్రం ఆగింది.

పోటు తిరిగే వేళ ఎప్పుడైనా చూశారా? ఎక్కదు, దిగదు. ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. మేమూ బిగబట్టాం. తరవాత మడచెట్ల మొదట్లో ఒక తడి గీత కనపడింది. నీరు దిగుతోంది. గవరమ్మ పెద్దమ్మ పచ్చడి గిన్నె తెప్పించింది. మామిడి, వేపపువ్వు, చింతపండు, గుల మెలాకా అనే ఇక్కడి కొబ్బరి బెల్లం. బురద చేతుల్లోనే పెట్టింది. రవి దొర నాకి, ముఖం చిట్లించి, "చేదు" అన్నాడు. లైన్ల జనంతో ఆయన సగంలో ఆగకుండా అన్న మొదటి తెలుగు మాట అదే.

ఇంటికొచ్చి స్నానం చేసి పట్టుపంచె కట్టాను. ఈసారి మంగ దీపం దగ్గరికి జరిపింది. నది గురించి గుమాస్తా గారు రాసిన పేజీ తీశాను. అదృష్టం వరద నది లాంటిది, వచ్చినప్పుడు ఎవరూ ఆపలేరు, నెమ్మదిగా ఉన్నప్పుడే కట్టలు వేసుకోవాలి అంటాడు. మీ దళం పారిపోయింది కదండీ, మాది నిలబడింది, మీరు చెప్పిందే నిజం, ఒక అయిదు వందల ఏళ్లు ఆలస్యమయింది అని చెబుదామనుకున్నాను. అంత దూరాన, అంత దెబ్బ తిని, మా సముద్రం పేరు కూడా వినకుండా, ఈ మనిషి మా కట్ట మీద నిలబడి ఉన్నాడు. చేతులు జోడించి కూర్చున్నాను.

రెండో తట్ట

లైన్లు ఇంకా ఉన్నాయి. బంగళా ముందు పచ్చిక ఉండాల్సిన చోట గుంట ఉంది. అందులో నీళ్లు నిలిచి తామరలు మొలిచాయి. కప్పలు ఇప్పుడు ఎవరినీ అడగవు. మరుసటి ఏడు ఉగాదికి, నా ఉద్యోగానికి అదే ఆఖరి ఉగాది, మొదటి తట్ట రవి దొరదే. బూట్లు లేకుండా, తిన్నగా నడిచాడు.

నేను ఆ రోజు రెండు తట్టలు మోశాను. రెండోది బోర్లించబోతుంటే గవరమ్మ పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అదెవుల్ది?"

"ఇటలీలో మాకొక పెద్దాయన ఉన్నాడు పెద్దమ్మా. ఆయన పేరు మీద."

"పచ్చడికి రానేదేటి?"

"చాలా దూరం. చచ్చిపోయి కూడా చాలా కాలమైంది."

ఆవిడ తట్టలోకి తొంగి చూసింది. మట్టి వేలితో నలిపింది.

"ఇది నీ వాకిట్లో మట్టే. ఆయన తట్టకి ఆయన వాకిట్లో మట్టే కావాల. పద్దతి పద్దతే లా."

నిజమే. నేను తట్ట దించేశాను. సంచీలోంచి ఆ చిన్న పుస్తకం తీశాను. బురద చేతుల్తో తిప్పీ తిప్పీ పేజీలు అంచులు ఊడి, రాలిపోయే దశకి వచ్చింది. "ఆయన వాకిలంటే ఇదే పెద్దమ్మా. ఊళ్లోంచి గెంటేశాక ఆయనకి మిగిలిన చోటు ఇదొక్కటే" అన్నాను.

ఆవిడ పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఆవిడకి చదువు రాదు. అట్ట మీది పెదవి బిగించిన మనిషిని వేలితో తట్టింది. తరవాత పుస్తకాన్ని జాగ్రత్తగా దులిపింది. ఏళ్ల తరబడి నా చేతుల్లోంచి అందులోకి చేరిన ఎండిన బురద, చిటికెడంత, కట్ట మీద రాలింది. దాన్ని కాలితో అదిమి తొక్కింది.

"పడింది లే," అంది, పుస్తకం నా చేతికిస్తూ. "దూరపు సుట్టం గదా. అంతే తేగల్డు."